మీ మొదటి ఇంటరాక్టివ్ మ్యాప్: డేటా ఫైల్ నుంచి బ్రౌజర్ దాకా

ప్రపంచంలో ఒక ఏడాదిలో వచ్చిన పెద్ద భూకంపాల జాబితాను పట్టికగా తెరిచి చూడండి. మామూలుగా పదిహేను వందలకు పైగా వరుసలు ఉంటాయి. ప్రతి వరుసలో ఒక తేదీ, కొన్ని అంకెలు, చివర ఎక్కడో ఒక చోటు పేరు. ఎంతసేపు చూసినా అందులోంచి ఏ సంగతీ బయటపడదు. అవే వరుసల్ని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టి, లోతును బట్టి రంగు వేయండి. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ పెద్ద వలయం తేలుతుంది. జపాన్ దగ్గర, టోంగా దగ్గర, దక్షిణ అమెరికా పడమటి తీరంలో చుక్కల రంగు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మెల్లగా ముదురుతూ పోతుంది. అక్కడ ఒక భూఫలకం ఇంకోదాని కిందికి వాలుగా దిగుతోంది. భూమి లోపల వందల కిలోమీటర్ల లోతున ఉన్న ఆ వాలు మీకు రంగుల్లో కనిపిస్తుంది.

ఆ మ్యాప్‌నే ఇక్కడ తయారు చేద్దాం. చూసేవాళ్లు దాన్ని జరపగలగాలి, దగ్గరికి తెచ్చుకోగలగాలి, ఏ చుక్క మీద నొక్కినా వివరాలు రావాలి. దీనికి కోడ్ రాయడం రానక్కర్లేదు. మ్యాప్‌లు తయారు చేసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో క్యూజీఐఎస్‌టూవెబ్ అనే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్), ఒక బ్రౌజర్ ఉంటే చాలు. మొదటిసారి కాబట్టి ఒక పూట పడుతుంది. తొందరపడకండి.

మొదటి మ్యాప్ ఎక్కువగా చెడేది సాఫ్ట్‌వేర్ రాకపోవడం వల్ల కాదు, డేటాను చదవకుండానే మ్యాప్‌లో పెట్టేయడం వల్ల. మీరు ఇచ్చిన అంకె తప్పైనా మ్యాప్ దాన్ని అందంగానే చూపిస్తుంది. చూసేవాళ్లు నమ్మేస్తారు కూడా. అందుకే ఇక్కడ సగం మాటలు డేటా గురించే ఉంటాయి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"భూకంపాల మ్యాప్" అన్నది ప్రశ్న కాదు. "గత ఏడాది వచ్చిన పెద్ద భూకంపాలు ఎక్కడెక్కడ, ఎంత లోతులో పుట్టాయి?" అన్నది ప్రశ్న. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఏ కాలమ్ ఉంచాలి, ఏది తీసేయాలి, రంగు దేనికి వేయాలి అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ జవాబు అందులోనే దొరుకుతుంది. మీరు బడులు, బస్టాపులు, చెట్లు, బావులు ఏ డేటా తీసుకున్నా ఈ అడుగు మాత్రం వదలకండి.

2. డేటా తెచ్చుకోవడం

అమెరికా భూగర్భ సర్వే సంస్థ, అంటే యూఎస్‌జీఎస్, ప్రపంచమంతటి భూకంపాల వివరాలను ఎవరైనా ఉచితంగా దించుకునేలా పెట్టింది. వాళ్ల సైట్‌లో భూకంపాల కేటలాగ్ వెతికే పేజీకి వెళ్లి, కనీస మ్యాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె) 5 అని, తేదీల దగ్గర పూర్తయిన ఒక ఏడాది మొత్తం అని ఇవ్వండి. ప్రాంతం ప్రపంచం మొత్తం. ఫలితం ఏ రూపంలో కావాలంటే సీఎస్‌వీ ఎంచుకోండి. ఒక్క వెతుకులాటలో ఇరవై వేల ఘటనల వరకే ఇస్తారు. మనం అడిగేది అందులో చిన్న భాగమే కాబట్టి ఇబ్బంది లేదు.

కనీసం 5 అని ఎందుకు పెట్టామో చెప్పాలి. 1 లేదా 2 అని పెడితే ఇంకా ఎక్కువ చుక్కలు వస్తాయి కదా అనిపిస్తుంది. వస్తాయి. కానీ ఆ మ్యాప్‌లో కాలిఫోర్నియా, అలాస్కా చుక్కలతో నిండిపోయి, మిగతా ప్రపంచం దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. చిన్న భూకంపాలు అక్కడే వస్తాయని కాదు. అక్కడ కొలిచే పరికరాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాటి సమాచారం ఈ కేటలాగ్‌లోకి నేరుగా చేరుతుంది. అంటే ఆ మ్యాప్ భూకంపాలను కాకుండా పరికరాలను చూపిస్తోందన్నమాట. 5 దాటినవి ప్రపంచంలో ఎక్కడ వచ్చినా నమోదవుతాయి. ఏ డేటా చేతికొచ్చినా ఈ ఒక్క మాట అడగండి: ఇక్కడ చుక్క లేదంటే ఘటన జరగలేదనా, లేక ఎవరూ రాయలేదనా?

3. ఫైల్ తెరిచి చదవండి

సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైల్. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి చూడొచ్చు, కానీ అక్కడి నుంచి అదే పేరుతో సేవ్ చేయకండి. స్ప్రెడ్‌షీట్లు తేదీలను తమకు నచ్చిన రూపంలోకి మార్చేస్తాయి, కోడ్ నంబర్ల ముందున్న సున్నాలను తినేస్తాయి. దించుకున్న ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉంచి, దాని కాపీ మీదే పని చేయండి.

ఇప్పుడు కాలమ్‌లు ఒక్కొక్కటీ చూద్దాం. టైమ్ అన్న కాలమ్‌లో సమయం ఉంటుంది, దాని చివర జెడ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. భూకంపం వచ్చిన చోట గడియారం చూపించిన సమయం కాదు. కొన్నిచోట్ల తేదీ కూడా మారిపోతుంది. మ్యాప్‌లో సమయం చూపిస్తే పక్కన యూటీసీ అని రాయాల్సిందే.

లాటిట్యూడ్ అంటే అక్షాంశం, లాంగిట్యూడ్ అంటే రేఖాంశం. వీటి సంగతి వేరుగా మాట్లాడుకుందాం. మాగ్ అన్నది మ్యాగ్నిట్యూడ్. ఇది మామూలు కొలత కాదు. ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 5కీ 7కీ మధ్య తేడా రెండు కాదు, దాదాపు వెయ్యి రెట్లు.

డెప్త్ కాలమ్‌లో లోతు కిలోమీటర్లలో ఉంటుంది. ఈ కాలమ్‌ను పై నుంచి కింది దాకా ఒకసారి చదవండి. సరిగ్గా 10 అన్న అంకె పదేపదే కనిపిస్తుంది. భూమికి పది కిలోమీటర్ల మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. తక్కువ లోతులో వచ్చిన భూకంపానికి లోతు కచ్చితంగా తేల్చలేనప్పుడు శాస్త్రవేత్తలు 10 అని స్థిరంగా పెట్టి మిగతా లెక్కలు చేస్తారు. కాబట్టి సరిగ్గా 10 అని ఉంటే చాలాసార్లు "లోతు తక్కువే, ఎంతో తెలియదు" అని అర్థం. మనం వేసే రంగుల్లో మొదటి తరగతి 70 కిలోమీటర్ల వరకు ఉంటుంది కాబట్టి ఇది మన మ్యాప్‌ను చెడగొట్టదు. కానీ ఎవరైనా 0 నుంచి 20 కిలోమీటర్లను నాలుగు రంగులుగా విడగొడితే, లేని తేడాలను చూపించినట్టవుతుంది.

టైప్ కాలమ్‌లో అన్నీ భూకంపాలే ఉంటాయనుకోకండి. గనుల్లో పేలుళ్లు, అగ్నిపర్వతాల పేలుళ్లు కూడా ఇదే కేటలాగ్‌లో చేరతాయి. 2022 జనవరి 15న టోంగాలో సముద్రంలోని అగ్నిపర్వతం పేలినప్పుడు అదీ ఇందులో నమోదైంది. భూకంపం కానివి ఉంటే ఆ వరుసల్ని మీ కాపీలో వేరు చేయండి.

హారిజాంటల్ ఎర్రర్ అని ఇంకో కాలమ్ ఉంది. చుక్క ఎన్ని కిలోమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చో అది చెబుతుంది. చాలా వరుసల్లో అది కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, ఎగుమతి చేసేటప్పుడు ఇదే పనికొస్తుంది.

మీ సొంత డేటా తెలుగులో ఉంటే ఇంకో జాగ్రత్త. ఫైల్ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఉండాలి, అది అక్షరాలను కంప్యూటర్ దాచుకునే ఒక పద్ధతి. స్ప్రెడ్‌షీట్ నుంచి సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నదాన్ని ఎంచుకోండి. లేకపోతే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి, ఒకసారి అలా సేవ్ అయ్యాక వెనక్కి తేవడం కుదరదు.

4. రెండు అంకెలు, వాటి వరుస

అక్షాంశం భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎంత దూరమో చెబుతుంది, మైనస్ 90 నుంచి 90 వరకు ఉంటుంది. రేఖాంశం తూర్పు పడమరల సంగతి చెబుతుంది, మైనస్ 180 నుంచి 180 వరకు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత అయిదో అంకె దగ్గరికొచ్చేసరికి అది దాదాపు ఒక మీటరు. ఎవరైనా తొమ్మిది దశాంశ స్థానాలు ఇస్తే అది కచ్చితత్వం కాదు, లెక్కలో మిగిలిపోయిన తోక.

కష్టమంతా వరుసతో వస్తుంది. మనం మాట్లాడేటప్పుడు అక్షాంశం ముందు చెబుతాం, ఆన్‌లైన్ మ్యాప్‌లలో కాపీ చేసినా మామూలుగా అలాగే వస్తుంది. కంప్యూటర్ గ్రాఫుల్లో మాత్రం ఎక్స్ ముందు, వై తర్వాత. ఎక్స్ అంటే అడ్డంగా, అంటే రేఖాంశం. వెబ్ మ్యాప్‌ల కోసం ఎక్కువగా వాడే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశమే ముందు రాయాలి. 2016లో వచ్చిన దాని ప్రమాణ పత్రం ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. కానీ బ్రౌజర్‌లో మ్యాప్ గీసే లీఫ్‌లెట్ లైబ్రరీకి (ముందే రాసిపెట్టిన కోడ్‌కు) నేరుగా ఒక చోటు చెప్పాలంటే అక్షాంశం ముందు ఇవ్వాలి. రెండూ ఒకే పేజీలో కలిసి పని చేస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ఈ తప్పును పట్టుకోవడానికి తెలిసిన చోట్లతో సరిచూడండి. కానీ సరైన చోటును ఎంచుకోవాలి. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన 9.1 మ్యాగ్నిట్యూడ్ భూకంపం సుమారు 38.3 ఉత్తర అక్షాంశం, 142.4 తూర్పు రేఖాంశం దగ్గర పుట్టింది. ఈ రెంటినీ తారుమారు చేస్తే అక్షాంశం 142 అవుతుంది. అలాంటి చోటే భూమి మీద లేదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో వచ్చిన 7.8 మ్యాగ్నిట్యూడ్ భూకంపం మాత్రం సుమారు 37.2 ఉత్తరం, 37.0 తూర్పు దగ్గర పుట్టింది. దీన్ని తారుమారు చేసినా చుక్క దాదాపు అక్కడే ఉంటుంది! ఆ ఒక్క చుక్క చూసి అంతా సరిగ్గా ఉందనుకుంటే మోసపోతాం. రెండు అంకెలూ బాగా దూరంగా ఉన్న చోట్లను కనీసం మూడు తీసుకుని చూడండి.

ఇంకో గుర్తు: ఆఫ్రికా పడమటి వైపు, గినీ సింధుశాఖలో నడిసముద్రంలో చుక్కలు కుప్పపడి కనిపిస్తే, అది సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం కలిసే చోటు. ఖాళీగా వదిలేసిన గడులను ఏదో ఒక ప్రోగ్రామ్ సున్నాగా మార్చిందని అర్థం.

5. క్యూజీఐఎస్‌లోకి తీసుకురావడం

క్యూజీఐఎస్‌ను దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి. దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్ అని ఒకటి విడిగా ఇస్తారు, మొదటిసారి వాడేవాళ్లకు అదే మంచిది. 2002లో మొదలైన ఈ ప్రాజెక్టును స్వచ్ఛందంగా పని చేసేవాళ్లే పెంచుకుంటూ వచ్చారు. డబ్బు కట్టనక్కర్లేదు, పని మధ్యలో గడువు తీరిందన్న మాట రాదు.

కొత్త ప్రాజెక్ట్ తెరిచి వెంటనే ఒక పేరుతో సేవ్ చేయండి. ఎడమ వైపు బ్రౌజర్ ప్యానెల్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ అన్న దాని కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ మ్యాప్ ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే అది వచ్చి కూర్చుంటుంది. ఇది మన అడుగు పొర, అంటే అన్నిటికన్నా కింద ఉండే లేయర్.

తర్వాత పైన లేయర్ మెనూలో యాడ్ లేయర్, అందులో యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. వచ్చిన కిటికీలో మీ సీఎస్‌వీని చూపించండి. ఎక్స్ ఫీల్డ్ దగ్గర లాంగిట్యూడ్, వై ఫీల్డ్ దగ్గర లాటిట్యూడ్ ఉన్నాయో లేదో చూడండి. జామెట్రీ సీఆర్‌ఎస్ (చోట్లను అంకెల్లో చెప్పే పద్ధతి) అన్నచోట ఈపీఎస్‌జీ 4326 ఉండాలి. కాలమ్‌ల రకాలను దానంతటదే గుర్తించమనే గడిలో టిక్ ఉండాలి, లేకపోతే మ్యాగ్నిట్యూడ్ అంకెలా కాకుండా మాటలా లోపలికి వస్తుంది. అడుగున నమూనా వరుసలు కనిపిస్తాయి, అవి బాగుంటే యాడ్ నొక్కండి.

చుక్కలు వచ్చాయా? ఇప్పుడు పైన చెప్పిన మూడు చోట్ల పరీక్ష చేయండి. పట్టిక తెరిచి ఒక వరుస ఎంచుకుని, ఆ చుక్క మ్యాప్‌లో ఎక్కడుందో చూసి, ప్లేస్ కాలమ్‌లో రాసిన ఊరి పేరుతో పోల్చండి.

ఈపీఎస్‌జీ 4326 అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే కొలతల పద్ధతికి అది నంబరు. డేటా అందులో ఉంటుంది. అడుగున ఉన్న మ్యాప్ మాత్రం 3857 అనే ఇంకో పద్ధతిలో ఉంటుంది, దాన్ని వెబ్ మెర్కేటర్ అంటారు. క్యూజీఐఎస్ ఈ రెంటినీ తనంతట తానే కలుపుతుంది. మీరు చేయకూడని పని ఒకటే: చుక్కలు తప్పు చోట కనిపిస్తున్నాయని లేయర్ సీఆర్‌ఎస్‌ను ఊరికే మార్చి చూడటం. అలా మార్చితే చోట్లు మారవు, అంకెల అర్థం మారుతుంది. డేటా నిజంగా వేరే పద్ధతిలో ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త ఫైల్‌గా మార్చుకోవాలి.

వెబ్ మెర్కేటర్‌కు ఒక లోపం ఉంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అన్నీ ఉబ్బిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దాదాపు పద్నాలుగు రెట్లు పెద్దది. చుక్కల మ్యాప్‌కు ఇది పెద్ద ఇబ్బంది కాదు. విస్తీర్ణాలను పోల్చే మ్యాప్ చేసేటప్పుడు మాత్రం మర్చిపోకూడదు.

మీ డేటా షేప్‌ఫైల్ అనే మ్యాప్ ఫార్మాట్‌లో వస్తే, అది ఒక్క ఫైల్ కాదని తెలుసుకోండి. ఒకే పేరుతో నాలుగైదు ఫైళ్లు ఉంటాయి, అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. పైగా అందులో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు పడతాయి కాబట్టి "అక్షాంశం" అన్న మాట కూడా అందులో పట్టదు. తెలుగు డేటాను షేప్‌ఫైల్‌లో దాచకండి. జియోజేసన్ లేదా జియోప్యాకేజ్ వాడండి.

6. రెండు పొరలు చేసి రంగులు వేయడం

మనకు రెండు సంగతులు చూపించాలనుంది. లోతు రంగుతో, భూకంపం పెద్దదా చిన్నదా అన్నది చుక్క సైజుతో. క్యూజీఐఎస్‌లో ఒక్కో చుక్కకు ఒక్కో సైజు లెక్కగట్టి ఇచ్చే సదుపాయం ఉంది, కానీ అలాంటి సూక్ష్మమైన అమరికలు వెబ్‌కు ఎగుమతి చేసినప్పుడు అన్నిసార్లూ నిలవవు. కాబట్టి చెడిపోని దారిలో వెళ్దాం: డేటాను రెండు పొరలుగా విడగొడదాం.

లేయర్ పేరు మీద కుడి బటన్ నొక్కి ఫిల్టర్ ఎంచుకోండి. మాగ్ విలువ 6, అంతకన్నా ఎక్కువ అన్న షరతు పెట్టండి. ఇప్పుడు మళ్లీ కుడి బటన్ నొక్కి ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్. ఫార్మాట్ జియోజేసన్, సీఆర్‌ఎస్ 4326. అదే కిటికీలో ఏ కాలమ్‌లు ఉంచాలో అడుగుతుంది. టైమ్, మాగ్, డెప్త్, ప్లేస్ ఈ నాలుగూ ఉంచి మిగతావాటి టిక్ తీసేయండి. షరతును 6 కన్నా తక్కువ అని మార్చి ఇంకో ఫైల్ చేయండి. మొదటి సీఎస్‌వీ లేయర్‌ను ఇక ప్రాజెక్ట్ నుంచి తొలగించవచ్చు. పెద్ద భూకంపాల పొరను పైన ఉంచండి, లేకపోతే చిన్నవాటి గుంపు కింద అవి కనపడకుండా పోతాయి.

కాలమ్‌లు తీసేయడం పొదుపు కోసమే కాదు. మ్యాప్‌ను ఇంటర్నెట్‌లో పెట్టాక దాని వెనకున్న డేటా ఫైల్ మొత్తాన్ని ఎవరైనా దించుకోగలరు. చుక్క మీద నొక్కితే తెరుచుకునే పాప్-అప్‌లో చూపించకపోయినంత మాత్రాన కాలమ్ దాగినట్టు కాదు. మీ డేటాలో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇళ్ల కచ్చితమైన చోట్లు ఉంటే ఈ దశలోనే తీసేయాలి. దీని విషయంలో రాజీ పడకండి.

ఇక రంగు. లేయర్ ప్రాపర్టీస్‌లో సింబాలజీ తెరిచి, పైన సింగిల్ సింబల్ అన్నచోట గ్రాడ్యుయేటెడ్ ఎంచుకోండి. వాల్యూ దగ్గర డెప్త్. తరగతులను దానంతటదే చేయనివ్వకండి. సమానంగా విడగొట్టమంటే దాదాపు చుక్కలన్నీ మొదటి తరగతిలో పడతాయి, సమాన సంఖ్యలో పంచమంటే 10 కిలోమీటర్లకీ 12 కిలోమీటర్లకీ మధ్య గీత గీస్తుంది. భూకంప శాస్త్రంలో వాడుకలో ఉన్న విభజన ఒకటి ఉంది: 70 కిలోమీటర్ల వరకు తక్కువ లోతు, 70 నుంచి 300 వరకు మధ్యస్థం, 300 నుంచి 700 వరకు ఎక్కువ లోతు. మూడు తరగతులు పెట్టి ఆ అంకెలనే చేత్తో రాయండి.

లేత నుంచి ముదురుకు పోయే ఒకే వరుస రంగులు తీసుకోండి. లేత పసుపు, నారింజ, ముదురు ఊదా అయితే చక్కగా ఉంటాయి. ఎరుపు, పచ్చ కలిపి వాడకండి. ఆ రెండు రంగుల మధ్య తేడా గుర్తుపట్టలేనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, చాలామందే ఉంటారు. చుక్క చుట్టూ సన్నటి ముదురు గీత ఇస్తే లేత రంగు నేలలో కలిసిపోదు.

చిన్నవాటికి చుక్క సైజు 2, పెద్దవాటికి 5 ఇవ్వండి. మొదటి పొర స్టైల్‌ను కాపీ చేసి రెండో దాని మీద పేస్ట్ చేసి, సైజు మాత్రం మార్చితే సరిపోతుంది. రెండు పొరల్లోనూ ఒక రంగుకు ఒకే అర్థం ఉండాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అడుగు పొర రంగులమయంగా ఉండి మన చుక్కలతో పోటీ పడుతుంది. దాని ట్రాన్స్‌పరెన్సీలో అపాసిటీని సగానికి తగ్గించండి. ఈ చిన్న మార్పుతో మ్యాప్ ఒక్కసారిగా తేటపడుతుంది.

ఇప్పుడు కాసేపు చూడండి. జపాన్ దగ్గర ముదురు చుక్కలు పడమటి వైపు, దక్షిణ అమెరికాలో తూర్పు వైపు ఉండాలి. పసిఫిక్ కింది ఫలకాలు అటు ఆసియా కిందికీ, ఇటు అమెరికా కిందికీ దిగుతున్నాయి కాబట్టి అలా ఉంటాయి. రివర్స్‌లో కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగింది.

7. పాప్-అప్‌లో ఏం రాయాలి

నొక్కితే "మాగ్: 6.2, డెప్త్: 35" అని వస్తే చూసేవాళ్లకు అర్థం కాదు. లేయర్ ప్రాపర్టీస్‌లో ఆట్రిబ్యూట్స్ ఫామ్ తెరిచి ప్రతి కాలమ్‌కూ ఆలియాస్, అంటే చూపించే పేరు ఇవ్వండి: "మ్యాగ్నిట్యూడ్", "లోతు, కిలోమీటర్లలో", "సమయం, యూటీసీ", "దగ్గరి చోటు". కొలమానం పేరులోనే ఉండాలి. లేయర్‌ల పేర్లు కూడా మార్చండి. జాబితాలో ఫైల్ పేరు కాకుండా "6, అంతకు మించినవి", "5 నుంచి 6 లోపు" అని కనిపించాలి.

8. వెబ్ మ్యాప్‌గా ఎగుమతి

ప్లగిన్స్ మెనూలో క్యూజీఐఎస్‌టూవెబ్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత వెబ్ మెనూలో అది కనిపిస్తుంది. తెరిచాక లీఫ్‌లెట్ ఎంచుకోండి. 2011లో వచ్చిన ఈ లైబ్రరీ చాలా తేలికైనది, ఫోన్లలో బాగా పని చేస్తుంది.

లేయర్స్ ట్యాబ్‌లో ప్రతి కాలమ్‌కూ లేబుల్ ఎలా చూపించాలో అడుగుతుంది. ఇన్‌లైన్ లేబుల్ ఎంచుకుంటే పేరు, విలువ పక్కపక్కన వస్తాయి. క్లస్టర్ అన్న గడి కూడా ఉంటుంది. దగ్గరి చుక్కలను ఒక గుండ్రంలో కలిపి సంఖ్య చూపిస్తుంది. వేల బస్టాపులు ఉన్న మ్యాప్‌కు అది మేలు. మన మ్యాప్‌కు మాత్రం వద్దు. మనం చూపించాలనుకున్న వలయం, వాలు రెండూ ఆ గుండ్రాల్లో మాయమైపోతాయి.

అపియరెన్స్‌లో లేయర్‌ల జాబితాను చేర్చండి. చూసేవాళ్లు చిన్నవాటిని ఆపి పెద్దవాటిని మాత్రం చూసుకోగలుగుతారు. ఎక్స్‌టెంట్ దగ్గర అన్ని లేయర్‌లూ పట్టేలా పెట్టండి. గరిష్ఠ జూమ్ 9 అని ఇవ్వండి. ఎందుకంటే చుక్కలు కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చని ముందే చదివాం. వీధి కనపడేంత దగ్గరికి వెళ్లనిస్తే, ఎవరో ఒకరు "భూకంపం మా వెనక వీధిలో పుట్టింది" అనుకుంటారు. అంత కచ్చితత్వం మన డేటాలో లేదు.

ప్రివ్యూ చూసి, ఎక్స్‌పోర్ట్‌లో ఫోల్డర్ చూపించి ఎగుమతి చేయండి. బ్రౌజర్‌లో మీ మ్యాప్ తెరుచుకుంటుంది. ఫోల్డర్‌లో ఇండెక్స్ అనే పేజీ, పక్కన డేటా ఉన్న ఫోల్డర్, ఇంకొన్ని ఫోల్డర్లు ఉంటాయి. వీటిని విడదీయకూడదు.

9. ఫోన్‌లో చూశాకే బయట పెట్టండి

చిన్న తెరలో లేయర్‌ల జాబితా మ్యాప్‌ను కప్పేస్తోందా? వేలితో చిన్న చుక్క మీద నొక్కగలుగుతున్నారా? లేకపోతే సైజు కొంచెం పెంచి మళ్లీ ఎగుమతి చేయండి. ఈ సంగతేమీ తెలియని ఒక మనిషికి ఫోన్ ఇచ్చి, మీరు ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. "ఈ ముదురు రంగు ఏంటి?" అని అడిగారంటే రంగుల వివరం సరిగ్గా కనపడటం లేదని అర్థం.

బయట పెట్టడానికి, మన ఫైళ్లను వెబ్ పేజీగా చూపించే గిట్‌హబ్ పేజెస్ సులువైన దారి. గిట్‌హబ్ సైట్‌లో ఖాతా తెరిచి పబ్లిక్ రిపాజిటరీ, అంటే అందరికీ కనిపించే ఫైళ్ల సంచి ఒకటి చేయండి. ఎగుమతి ఫోల్డర్‌ను కాకుండా దాని లోపలున్నవన్నీ అప్‌లోడ్ చేయండి, ఇండెక్స్ పేజీ పై స్థాయిలోనే ఉండాలి. సెట్టింగ్స్‌లో పేజెస్ తెరిచి మెయిన్ బ్రాంచ్‌ను ఎంచుకుని సేవ్ చేయండి. కొద్ది నిమిషాల్లో చిరునామా వస్తుంది. బ్రౌజర్ నుంచి అప్‌లోడ్ చేసేటప్పుడు ఒక్కో ఫైల్ 25 ఎంబీ దాటకూడదు. మీ డేటాలో సరిహద్దుల గీతలు ఉండి బరువెక్కితే, క్యూజీఐఎస్‌లో సింప్లిఫై అనే పనిముట్టుతో గీతల్లో అనవసరమైన మలుపులు తగ్గించుకోవచ్చు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మ్యాప్ మూలన కనిపించాలి, అది వాళ్ల లైసెన్స్ షరతు. దాన్ని తీసేయకండి. ఆ మ్యాప్ ముక్కలను పంపే సర్వర్లు విరాళాలతో నడుస్తాయి. చిన్న మ్యాప్‌కు వాడుకోవచ్చు కానీ వేలాదిమంది రోజూ చూసే సైట్‌కు వేరే ఏర్పాటు చూసుకోవాలి. భూకంపాల డేటా యూఎస్‌జీఎస్ ఇచ్చిందని, ఏ తేదీల మధ్యదని, మీరు ఏ రోజు దించుకున్నారని కూడా పేజీలో రాయండి. కేటలాగ్‌లో అంకెలను తర్వాత సవరిస్తూ ఉంటారు కాబట్టి దించుకున్న తేదీ లేకపోతే మీ మ్యాప్‌ను ఎవరూ సరిచూడలేరు.

10. టోంగా దగ్గర తెగిన గీత

మ్యాప్ బయటికొచ్చాక ఒక విషయం కంట్లో నలుసులా మెదులుతుంది. ఫిజీ, టోంగా, కెర్మడెక్ దీవుల దగ్గరి చుక్కలు కొన్ని మ్యాప్ కుడి అంచున, కొన్ని ఎడమ అంచున పడతాయి. 180 డిగ్రీల రేఖ సరిగ్గా అక్కడే పోతుంది కాబట్టి దాటిన చుక్క మైనస్‌లోకి వెళ్లి అటు చివర తేలుతుంది. ప్రపంచంలోని అతి లోతైన భూకంపాలు ఎక్కువగా వచ్చే చోటు అదే. మన మ్యాప్‌లో చూడదగ్గ భాగమే రెండు ముక్కలవుతుంది.

రెండో వెర్షన్‌లో దీన్ని సరిచేయండి. సీఎస్‌వీ కాపీలో కొత్త కాలమ్ పెట్టి, రేఖాంశం సున్నా కన్నా తక్కువైతే దానికి 360 కలపండి, లేకపోతే ఉన్నదే ఉంచండి. అప్పుడు మైనస్ 175 కాస్తా 185 అవుతుంది. ఎక్స్ ఫీల్డ్‌గా ఆ కాలమ్‌ను ఇచ్చి పై దశలన్నీ మళ్లీ చేయండి. లీఫ్‌లెట్ అడుగు మ్యాప్‌ను పక్కపక్కన మళ్లీ మళ్లీ పరుస్తుంది కాబట్టి 185 దగ్గరి చుక్క పక్క ప్రపంచంలో సరిగ్గా తన చోటునే కూర్చుంటుంది. క్యూజీఐఎస్ తెరలో అవి వేరేగా కనిపించినా కంగారు పడకండి, బ్రౌజర్‌లో చూడండి. పసిఫిక్ మధ్యలోకి వస్తుంది, చుట్టూ వలయం తెగకుండా నిలుస్తుంది, టోంగా దగ్గర లేత చుక్కల నుంచి ముదురు చుక్కల దాకా ఆ వాలు మొత్తం ఒకే చోట కనిపిస్తుంది.